గిండీ అడవి లోపలికి మనల్ని ఎందుకు రానివ్వకూడదు?

వేళచ్చేరి_నాన్న:
నిన్న పిల్లలిద్దరినీ మన చెన్నైలోని గిండీ తీసుకెళ్లాను. చిల్డ్రన్స్ పార్కు, పాముల పార్కు చూశాం. బాగున్నాయి. కానీ చిన్నవాడు పొద్దుటి నుంచీ ఒకటే ప్రశ్న, "నాన్నా, అడవి ఎక్కడ?" అని. కంచె అవతల ఉంది. ఊరి నడిబొడ్డున సుమారు 270 హెక్టార్ల అడవి పెట్టుకుని, పిల్లలకు బోనులో జంతువుల్ని చూపించి పంపడం న్యాయమా? పొద్దున్నే పదేసి మందిని గైడుతో లోపలికి తీసుకెళ్తే ఏం పోతుంది?

అడయార్_అత్త:
వద్దు బాబూ. పార్కు అన్న పేరు వల్లే ఈ తికమక. 1978 నుంచి అది జాతీయ ఉద్యానవనం, మనం చాప పరుచుకునే తోట కాదు. కృష్ణజింకకు పచ్చిక బయలు కావాలి. అక్కడ అలాంటి చోటు మిగిలిందే కొంచెం. అక్కడికే మనమూ వెళ్తే అది ఎక్కడ మేస్తుంది? మా వీధి చివరి చెరువుకు నడకదారి వేసినప్పుడు నేనే సంతోషించాను. ఏడాది తిరగకుండా గట్టు నిండా చిప్స్ కవర్లు, చెవులు పగిలేలా స్పీకర్లు. పొద్దున్నే వచ్చే కొంగలు ఇప్పుడు రావు.

తాంబరం_బాచి:
మంగళవారం సెలవండీ, వెళ్లేవాళ్లు చూసుకోండి.

వేళచ్చేరి_నాన్న:
అత్తగారూ, మేం ఒక్క కవరూ తీసుకెళ్లలేదు. స్టీలు డబ్బాలో పులిహోర, రాగి చెంబులో నీళ్లు. 2019 నుంచి రాష్ట్రంలో వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం కూడా ఉంది.

అడయార్_అత్త:
నిషేధం ఉన్నా మా చెరువు గట్టు అలా ఎందుకుందో మరి. పులిహోర మెతుకులు రాలినా కోతులు మరుగుతాయి.

వేళచ్చేరి_నాన్న:
అడవి గురించి అడిగితే మీరు మెతుకుల దగ్గరే ఆగారు!

నెల్లూరు_మాస్టారు:
కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణది. రెండూ గిండీలో ఉన్నాయి. మన పిల్లలకు దూరం నుంచైనా చూపించాలని నాకూ ఉంది.

అడయార్_అత్త:
మాస్టారూ, ఒకరోజు చూసి పోయే ఆదివారం జనానికి అడవి మీద బాధ్యత ఉండదు. అదే నా భయం.

వేళచ్చేరి_నాన్న:
ఆదివారం జనమా? మాకు సెలవు దొరికేది ఆదివారమే. ఒకప్పుడు ఆ అడవంతా గవర్నరు బంగళా ఆవరణ. ఐఐటీ, గాంధీ మండపం, కామరాజ్, రాజాజీ స్మారకాలు అన్నీ ఆ నేల మీదే లేచాయి. అప్పుడు జింకలకు ఇబ్బంది కాలేదా? మా నాన్న ఈ ఊళ్లోనే ఒక పెద్ద క్యాంపస్‌లో తాపీమేస్త్రీ. గోడలు కట్టినంత కాలం లోపలికి రానిచ్చారు. పని అయ్యాక నన్ను తీసుకెళ్లి జింకను చూపిద్దామంటే గేటు దగ్గరే ఆపేశారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. లోపల ఇళ్లున్న పిల్లలు మాత్రం జింకల పక్కనే సైకిళ్లు తొక్కుతున్నారు. నిన్న నా కొడుకు అడిగింది అప్పుడు నేను అడిగిందే.

తాంబరం_బాచి:
అన్నా, ఇది ముందే చెప్పి ఉండాల్సింది.

అడయార్_అత్త:
బాబూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది, తప్పే. నేనూ అలాంటి గేటు లోపలే ఇరవై రెండేళ్లు ఉన్నాను. మా వంటింటి కిటికీలోంచి చుక్కల జింకలు కనిపించేవి. ఒక వేసవిలో మా క్వార్టర్స్ వెనక ఒకటి చచ్చి పడి ఉంది. కడుపు కోస్తే ముద్దకట్టిన ప్లాస్టిక్ సంచులు. బయటి జనం వేసినవి కావు, మా చెత్తకుండీలోవి. చదువుకున్నవాళ్లం, రోజూ ఆ జింకల్ని చూసేవాళ్లం, మేమే అలా చేశాం. అందుకే ఎవరినీ నమ్మలేకపోతున్నాను.

వేళచ్చేరి_నాన్న:
అయితే ముందు గేటు లోపలివాళ్లను కదా కట్టడి చేయాలి? మీ ఇళ్ల మధ్య జింకలు తిరగొచ్చు, మా వాడు మాత్రం కంచె బయట నిలబడాలా?

అడయార్_అత్త:
అక్కడున్నన్నాళ్లూ ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉండాల్సింది. మీ నాన్నగారిని ఆపడం అన్యాయం. అయినా అడవిలోకి ఇంకో దారి తీయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

వేళచ్చేరి_నాన్న:
నేనూ అడగడం మాననండీ.