ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం ‘నో సిగ్నల్’

ప్రశ్న – కొత్తమౌస్

నిన్న కేబినెట్ తెరిచి దుమ్ము దులిపాను. ప్రాసెసర్ మీది కూలర్ ఊడదీసి, రెండింటి మధ్య వేడిని లాగే పేస్ట్ కూడా మార్చాను. అన్నీ బిగించి ఆన్ చేస్తే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లతో సహా అన్నీ తిరుగుతున్నాయి కానీ మానిటర్‌లో ‘నో సిగ్నల్’ అని వస్తోంది. రైజెన్ 5 5600, బి450 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యాములు రెండు, జీటీఎక్స్ 1660 సూపర్. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ మార్చాను. కేబుల్‌ని కార్డు నుంచి తీసి బోర్డుకి పెట్టినా అంతే. బీప్ లేదు, బోర్డు మీద ఎర్రర్ లైట్లు లేవు. కార్డు పోయినట్టేనా అండీ? కొత్తది కొనేముందు అడుగుదామని.

జవాబు – పాతబోర్డు

ఇప్పుడే కార్డు కొనకండి. 5600లో గ్రాఫిక్స్ ఉండదు, అందుకే బోర్డు మీద పోర్టు ఉన్నా దాంట్లోంచి బొమ్మ రాదు. అదే 5600జీ అయితే వచ్చేది. కాబట్టి మీరు చేసిన ఆ పరీక్ష లెక్కలోకి రాదు. కేబుల్ మళ్ళీ కార్డుకే పెట్టండి.

ముందు తేలాల్సింది ఒక్కటే: మెషీన్ బూట్ అవుతూ బొమ్మ ఇవ్వట్లేదా, అసలు బూటే కావట్లేదా? ఆన్ చేసి ఒక నిమిషం ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా లైటు వెలిగి ఆరుతుంటే ప్రాసెసర్, ర్యామ్ బాగున్నట్టే. అప్పుడు కార్డు, కేబుల్, మానిటర్ ఇన్‌పుట్ చూసుకోవాలి. లైటు ఉలకకపోతే పోస్ట్ దగ్గరే, అంటే ఆన్ కాగానే బోర్డు చేసుకునే సొంత పరీక్ష దగ్గరే ఆగిపోయింది. కార్డు దొరక్కపోయినా కొన్ని బోర్డులు అక్కడే ఆగుతాయి కాబట్టి కార్డుని పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ చెయ్యి పెట్టి కదిపిన మెషీన్‌లో మొదటి అనుమానం ర్యామ్ మీదే.

జవాబు – టంకం

పై మాటకి తోడు పవర్ కేబుళ్ళు చూడండి. బోర్డు పైమూలలో ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్నుల కనెక్టర్ ఊడినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే వాటికి కరెంటు 24 పిన్నుల కేబుల్ నుంచి వస్తుంది. ఫ్యాన్ తిరిగిందని మెషీన్ బతికి ఉందనుకోవద్దు. కార్డుకీ విడిగా 8 పిన్నులది పడాలి: స్లాట్ ఇచ్చేది 75 వాట్లే, ఈ కార్డు 125 దాకా తాగుతుంది. రెండు కనెక్టర్లూ ఒకేలా కనిపిస్తాయి. నాలుగూ నాలుగుగా విడిపోయేది ప్రాసెసర్‌ది, ఆరూ రెండుగా విడిపోయేది కార్డుది. ఎక్కకపోతే బలవంతం చెయ్యొద్దు.

తర్వాత ర్యామ్. స్విచ్ ఆపి, కరెంటు వైరు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. రెండు ర్యాములూ తీసేసి, బంగారు రంగు పట్టీలని రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు ఊదేయండి. నాలుగు స్లాట్ల బోర్డయితే ఒక్క ర్యామ్‌ని ఏ2లో, అంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టండి. చాలా బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది. క్లిప్పు లేని వైపు సగమే దిగినా సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది. అందుకే రెండు చివర్లా విడివిడిగా గట్టిగా నొక్కాలి. ఆన్ చేశాక దానంతటదే రెండు మూడుసార్లు రీస్టార్ట్ కావచ్చు, కంగారుపడి ఆపేయకండి. అప్పటికీ రాకపోతే కరెంటు వైరు తీసి, బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయట ఉంచి పెట్టండి.

కొత్తమౌస్

పవర్ కేబుళ్ళు సరిగ్గానే ఉన్నాయి. క్యాప్స్ లాక్ లైటు వెలగలేదు. ఏ2లో ఒక్క ర్యామ్ పెడితే డిస్‌ప్లే వచ్చింది! రెండోదీ ఏ2లో పనిచేస్తోంది. బీ2లో, అంటే నాలుగో స్లాట్‌లో మాత్రం ఏది పెట్టినా చీకటే. స్లాట్ పోయిందా?

జవాబు – పాతబోర్డు

స్లాట్ దానంతటది పోవడం అరుదు. ముందు బీ2లో టార్చి వేసి చూడండి, బ్రష్ వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా చాలు. శుభ్రంగా ఉంటే నా అనుమానం కూలర్ మీద. పాత పేస్ట్ ఎండి జిగురులా పట్టేస్తుంది, కూలర్‌ని నిటారుగా లాగితే ప్రాసెసర్‌ని పట్టి ఉంచే సాకెట్ లీవర్ వేసి ఉన్నా ప్రాసెసర్ దాంతోపాటు ఊడి వస్తుంది. మీలాంటి ఏఎమ్4 సాకెట్ ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులు ఉంటాయి. ర్యామ్ ఛానెళ్ళు, అంటే ఏ, బీ స్లాట్లని ప్రాసెసర్‌తో కలిపే దారులు, రెండింటికీ వేర్వేరు పిన్నులు కాబట్టి ఒక్కటి వంగినా ఒక ఛానెల్ పోయి రెండోది పనిచేస్తుంది.

మెషీన్‌ని పది నిమిషాలు నడిపి పేస్ట్ వేడెక్కనివ్వండి. ఆపి, కరెంటు వైరు పీకి, కూలర్ స్క్రూలు విప్పి, ఎడమకీ కుడికీ తిప్పుతూ వదులు చేశాకే పైకెత్తండి. లీవర్ లేపి ప్రాసెసర్ తీసి, అంచు కంటి ఎత్తులో పట్టుకుని వరసలు చూడండి. తిన్నటి వరసలో వంగినది ఇట్టే దొరుకుతుంది. ముల్లు తీసేసిన 0.5 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ మొనని ఆ పిన్నుకి తొడిగి కొద్దికొద్దిగా నిలబెట్టండి. అటూ ఇటూ వంచితే విరుగుతుంది. మూల మీది త్రికోణం గుర్తులు కలిపి వదిలితే ప్రాసెసర్ తన బరువుకే దిగాలి. దిగకపోతే నొక్కకండి, ఇంకో పిన్ను వంగి ఉంది. కూర్చున్నాక పాత పేస్ట్ తుడిచి కొత్తది వేయండి.

కొత్తమౌస్

అంచు దగ్గర రెండు పిన్నులు వంగి ఉన్నాయి. నిలబెట్టాను. ఇప్పుడు 16 జీబీ చూపిస్తోంది. కార్డు డబ్బులు మిగిల్చారు.

జవాబు – టంకం

బ్యాటరీ తీసి ఉంటే బయాస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మొదటికి వచ్చేసి ఉంటాయి. ర్యామ్ వేగం 2133కో 2666కో పడిపోయి ఉంటుంది. బయాస్‌లో ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎమ్‌పీ ఆన్ చేసుకోండి, తేదీ, టైమూ సరిచేసుకోండి.