న్యూపోర్ట్ పాగ్నెల్‌లో చేత్తో కట్టిన ఆస్టన్ మార్టిన్ కార్ల ఆకర్షణ ఎక్కడుంది?

ప్రశ్న – ఉత్తరవాహిని

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాను. దీన్ని ఆనుకుని ఉన్న న్యూపోర్ట్ పాగ్నెల్‌లోనే ఆస్టన్ మార్టిన్ సంస్థ 2007 దాకా కార్లు తయారుచేసింది. టిక్‌ఫర్డ్ వీధిలో ఇప్పటికీ ఆ సంస్థ పాత కార్ల మరమ్మతులు చేస్తోంది. అటుగా వెళ్లినప్పుడు ఆ సంస్థ మోడళ్లయిన 1960ల నాటి డీబీ5 గానీ, 1970ల నాటి వీ8 గానీ కంటపడితే అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. అయితే బ్రేకుల్లోనూ, భద్రతలోనూ, చలికాలం పొద్దున్నే మొరాయించకుండా స్టార్ట్ కావడంలోనూ ఈనాటి మామూలు కారు వాటికంటే ఎంతో మెరుగు. మరి ఈ ఆకర్షణ నిజంగా చేతిపనిలోనే ఉందా, లేక ధర, అరుదుదనం, సినిమాల వల్ల వచ్చిన పేరు కలిసి మనల్ని అలా చూసేలా చేస్తున్నాయా? ఈ కార్లను దగ్గరగా ఎరిగినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు – సానరాయి

చేతిపనిలోనే ఉందని నా గట్టి నమ్మకం. 1958లో వచ్చిన డీబీ4, 1963లో వచ్చిన డీబీ5 కార్ల బాడీని మిలాన్ నగరపు టూరింగ్ సంస్థ వారి సూపర్‌లెజెరా పద్ధతిలో కట్టారు. హెరాల్డ్ బీచ్ రూపొందించిన ఉక్కు ఛాసిస్ (కారు అడుగు చట్రం) మీద సన్నని ఉక్కు గొట్టాలతో కారు ఆకారంలో పంజరం నిలబెట్టి, దానికి అల్యూమినియం రేకులు తొడిగేవారు. ఆ రేకును వంపు తిప్పే ఇంగ్లిష్ వీల్‌లో పైన ఒక పెద్ద చక్రం, కింద అంచు గుండ్రంగా ఉన్న చిన్న చక్రం ఉంటాయి. రెంటి మధ్యా రేకును ముందుకీ వెనక్కీ నడిపిస్తూ ఉంటే లోహం కొద్దికొద్దిగా పలచబడి, సాగి, ఉబ్బెత్తుగా తయారవుతుంది. ఎక్కడ ఎంత సాగాలో ఆ యంత్రం చెప్పదు. పనివాడు అరచేత్తో నిమిరి ఎత్తుపల్లాలు పసిగట్టి, రేకును మళ్లీ చక్రాల మధ్యకు పంపుతాడు.

ఈ కారణంగానే ఒక కారు బోనెట్‌ను విప్పి అదే మోడల్ కారు ఇంకోదానికి బిగించబోతే అంచులు సరిగ్గా కలవకపోవచ్చు. మీకు అవకాశం దొరికితే ఫెండర్ పక్కన వంగి, దాని మీద పడిన వెలుగు గీత ఎలా సాగుతుందో చివరిదాకా చూసి, తరవాత రెండో వైపుకు వెళ్లి మళ్లీ చూడండి. కుడి ఎడమల మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటే అది ఆ రేకును తీర్చిన చేతి గుర్తు. ఎంత కొత్త కారులోనైనా నాకు దొరకనిది అదే.

జవాబు – లెక్కలపద్దు

సానరాయి గారు చెప్పిన పనితనం గురించి నాకు పేచీ లేదు. కానీ అప్పట్లో చేతిపనిని ఎవరూ ఆదర్శంగా ఎంచుకోలేదని కూడా చెప్పుకోవాలి. రేకులను ప్రెస్‌లో నొక్కడానికి డైలు, అంటే అచ్చులు చేయించాలంటే పెద్ద పెట్టుబడి కావాలి. కార్లు వేల సంఖ్యలో అమ్ముడైతే తప్ప అది తిరిగి రాదు. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ కార్లు 70 వేలకు పైగా తయారైతే, డీబీ5లు అన్నీ కలిపి వెయ్యి పైచిలుకే. అంత తక్కువ సంఖ్యకు మనిషి చెయ్యే చవక. పైగా న్యూపోర్ట్ పాగ్నెల్‌లో సాల్మన్స్ కుటుంబం 19వ శతాబ్దంలోనే గుర్రపు బండ్లు కట్టేది, తరవాత టిక్‌ఫర్డ్ పేరుతో వచ్చిన కారు బాడీలు ఆ కుటుంబ సంస్థవే. 1947లో ఆస్టన్ మార్టిన్‌ను కొన్న డేవిడ్ బ్రౌన్ 1950ల నడుమ ఆ సంస్థను కూడా కొన్నాడు కాబట్టి రేకు పని, చెక్క పని, తోలు పని తెలిసినవారు అక్కడే దొరికారు. అయినా డబ్బు కటకట తీరలేదు. 1972లో బ్రౌన్ కంపెనీని అమ్మేశాడు, 1974 చివర్లో ఫ్యాక్టరీ మూతపడి, మరుసటి ఏడాది కొత్త యజమానుల చేతుల్లో మళ్లీ తెరుచుకుంది.

ఈ నిర్మాణంలో ఒక లోపం కూడా ఉంది. అల్యూమినియం ఉక్కుకు నేరుగా తగిలే చోట తడి చేరితే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. దాని కింద ఉక్కు విడిగా తుప్పు పడుతుంది. బయటికి మాత్రం పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది.

జవాబు – నాలుగు కార్బురేటర్లు

బాడీ గురించే మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇంజన్ గురించి కూడా చెప్పనివ్వండి. పోలండ్‌లో పుట్టిన తాడెక్ మారెక్ డీబీ4 కోసం రూపొందించిన ఆరు సిలిండర్ల అల్యూమినియం ఇంజన్ డీబీ5 నాటికి 3,995 సీసీకి పెరిగింది. 1969లో వచ్చిన 5,340 సీసీ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ కూడా ఆయనదే. ఆ వీ8ను మొదటి బోల్టు నుంచి చివరిదాకా ఒక్క పనివాడే కూర్చేవాడు, అతని పేరు చెక్కిన చిన్న పలకను ఇంజన్‌కు బిగించేవారు. పని బాగుంటే ఎవరిదో, బాగాలేకపోతే ఎవరిదో అందరికీ తెలిసేలా సంతకం పెట్టడమంటే సామాన్యమైన ధైర్యం కాదని నా అభిప్రాయం.

1973 నుంచి ఆ వీ8కు, గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే వెబర్ కంపెనీ కార్బురేటర్లు నాలుగు వచ్చాయి. ట్యూనింగ్ చేసేటప్పుడు రబ్బరు గొట్టం ఒక కొసను కార్బురేటర్ నోటి దగ్గరా, రెండో కొసను చెవి దగ్గరా పెట్టుకుని, అన్నింట్లోనూ గాలి పీల్చే శబ్దం ఒకేలా వినిపించేదాకా స్క్రూలు సవరించే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. ఈ కార్లు బతికి ఉన్నాయంటే, చేత్తో కట్టినదాన్ని చేత్తోనే విప్పి మళ్లీ కట్టే వీలుండటమే కారణం. పాడైన రేకును కొత్తగా తీర్చుకోవచ్చు. ఈనాటి కారులో ఒక ఎలక్ట్రానిక్ పెట్టె పాడై, దాని తయారీ ఆగిపోతే ఏ పనివాడూ దాన్ని సుత్తితో చేసి ఇవ్వలేడు.

ఉత్తరవాహిని

ముగ్గురికీ ధన్యవాదాలు. అమ్మకానికి వచ్చిన 1970ల వీ8ను చూడటానికి వెళ్తే ముందుగా ఏం పరీక్షించాలి?

జవాబు – లెక్కలపద్దు

ఇంజన్ శబ్దం విని మురిసిపోయేలోగా కారును లిఫ్ట్ మీదికి ఎక్కించమని అడగండి. తలుపుల కింద నిడివిగా పోయే ఉక్కు సిల్స్, జాకీ పెట్టే చోట్లు, వెనక సస్పెన్షన్ ఛాసిస్‌కు బిగిసే చోట్లు టార్చ్ వేసి చూడండి. ఆ తరవాత చక్రాల తోరణాల అంచుల వెంబడి పెయింట్ ఎక్కడైనా పొక్కిందేమో వేలితో తడిమి చూడండి. సిల్స్ మార్చామని చెబితే, పాతవి కోసి తీసినప్పటి ఫొటోలు, బిల్లులు చూపించమని అడగండి. అవి లేకపోతే ఆ పని జరగలేదనే లెక్క వేసుకుని బేరం ఆడండి.