ఒబామా మంత్రివర్గంలో ఏ శాఖ ఎవరికి అప్పగించాలి?

సువర్ణముఖి, 2008 నవంబరు 14

ఎన్నికలు ముగిసి పది రోజులయింది. జనవరి 20న బరాక్ ఒబామా ప్రమాణ స్వీకారం చేసే నాటికి పదిహేను శాఖలకు మంత్రుల పేర్లు సిద్ధంగా ఉండాలి. ఇప్పటికి ఖాయమైన పెద్ద నియామకం వైట్ హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా రామ్ ఇమాన్యుయేల్‌ది. ఆ పదవికి సెనేట్ ఆమోదం అక్కరలేదు కనుక మంత్రివర్గం విషయంలో అసలు పరీక్ష ఇంకా మొదలు కాలేదనే చెప్పాలి. నన్ను ముఖ్యంగా మూడు శాఖలు ఆలోచింపజేస్తున్నాయి.

మొదటిది ఆర్థిక శాఖ. సెప్టెంబరు 15న పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. అక్టోబరు 3న అధ్యక్షుడు బుష్ ఆర్థిక సంస్థలను ఆదుకునే 70,000 కోట్ల డాలర్ల సహాయ చట్టంపై సంతకం చేశారు. ఆ సొమ్మును ఎవరికి, ఏ షరతులతో ఇవ్వాలో నిర్ణయించే అధికారం చాలావరకు ఆర్థిక మంత్రి చేతిలో ఉంది. 1991 జూన్‌లో విదేశీ మారకద్రవ్యం అడుగంటిన సమయంలో పి.వి. నరసింహారావు గారు పార్టీలోని పెద్ద నాయకులను పక్కనపెట్టి, ఏ సభలోనూ సభ్యుడు కాని మన్మోహన్ సింగ్ గారికి ఆర్థిక శాఖ అప్పగించారు. నేటి అమెరికాకు కూడా అటువంటి నిర్ణయమే అవసరమని నేను నమ్ముతున్నాను. నా ఎంపిక పాల్ వోల్కర్. 1979 నుంచి 1987 దాకా అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్‌కు అధ్యక్షత వహించి, వడ్డీ రేట్లను అసాధారణ స్థాయికి పెంచి, ఎన్ని నిందలు వచ్చినా ద్రవ్యోల్బణాన్ని అణచిన వ్యక్తి ఆయన. డెమోక్రాట్ అయిన కార్టర్ నియమించారు, రిపబ్లికన్ అయిన రీగన్ కొనసాగించారు. అయితే ఆయన వయసు ఇప్పుడు 81 సంవత్సరాలు. అది అడ్డంకి అవుతుందా?

రెండవది రక్షణ శాఖ: రాబర్ట్ గేట్స్‌ను కొనసాగించడం మంచిదేనా? మూడవది విదేశాంగ శాఖ: నిన్న షికాగోలో ఒబామా, హిల్లరీ క్లింటన్ కలుసుకున్నారన్న వార్త నిజమైతే, అభ్యర్థిత్వం కోసం తనతో నెలల తరబడి పోరాడిన నాయకురాలికి ఆ శాఖ ఇవ్వడం వివేకమా? కారణాలతో సహా మీ అభిప్రాయాలు తెలుపగలరు.

నాగావళి, 2008 నవంబరు 14

సువర్ణముఖి గారూ, వోల్కర్ గారి పట్ల మీకున్న గౌరవం నాకూ ఉంది. కానీ 1979 నాటి వ్యాధి వేరు, నేటి వ్యాధి వేరు. అప్పుడు ధరలు అదుపు తప్పాయి, డబ్బును బిగించి పట్టగల దృఢచిత్తుడు కావలసి వచ్చింది. ఇప్పుడు ఒక బ్యాంకును మరొక బ్యాంకు నమ్మడం లేదు, అప్పు పుట్టడమే ఆగిపోయింది. ఏ సంస్థ పుస్తకాలలో ఏ కుళ్లు దాగి ఉందో, ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డారో లోపలి నుంచి చూసిన మనిషి, శని ఆదివారాలు రాత్రింబవళ్లు కూర్చుని బేరసారాలు నడపగల మనిషి, మర్నాడు ఉదయం కాంగ్రెస్ కమిటీ ముందు గంటల తరబడి సమాధానం చెప్పగల మనిషి కావాలి. వోల్కర్ గారి సలహా తీసుకోవడానికి ఆయనను ఆ కుర్చీలో కూర్చోబెట్టనవసరం లేదు.

నా దృష్టిలో ఆ పనికి తగినవారు తిమోతీ గైట్నర్. వయసు 47. బిల్ క్లింటన్ హయాంలో ఆర్థిక శాఖలోనే అంతర్జాతీయ వ్యవహారాలు చూశారు, 2003 నుంచి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడిగా ఉన్నారు. మార్చిలో పెట్టుబడి బ్యాంకు బేర్ స్టెర్న్స్ కూలినప్పుడూ, సెప్టెంబరులో లేమాన్, బీమా సంస్థ ఏఐజీ ఒకదాని వెంట ఒకటి పడిపోయినప్పుడూ ఆర్థిక మంత్రి పాల్సన్, ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ బెర్నాంకీలతో పాటు నిర్ణయాలు జరిగిన గదిలో ఆయన ఉన్నారు. లేమాన్‌ను ఎందుకు వదిలేశారు, ఒక్క రోజు తేడాతో ఏఐజీకి 8,500 కోట్ల డాలర్ల అప్పు ఎందుకు సమకూర్చారు అన్న ప్రశ్న ఆయనను వెంటాడుతుంది, వెంటాడాలి కూడా. సెనేట్ విచారణలో ఆ ప్రశ్నను సూటిగా అడిగి, సమాధానం సభా రికార్డులో చేర్చాకే ఆమోదం తెలపాలని నేను కోరుకుంటాను.

లారీ సమ్మర్స్ పేరు కూడా గట్టిగా వినిపిస్తోంది. ఆయన మేధస్సును ఎవరూ శంకించరు. కానీ 1999 నుంచి 2001 దాకా ఆర్థిక మంత్రిగా ఉన్నది ఆయనే. బ్యాంకులకూ సెక్యూరిటీల వ్యాపారానికీ మధ్య ఉన్న గోడను తొలగించిన చట్టం 1999 నవంబరులో వచ్చింది. డెరివేటివ్‌లలో (వేరే ఆస్తి లేదా అప్పు విలువపై ఆధారపడే ఒప్పందాలలో) అధిక భాగాన్ని నియంత్రణకు వెలుపల ఉంచిన చట్టం 2000 డిసెంబరులో వచ్చింది. రెండింటినీ ఆయన సమర్థించారు. ఏఐజీని ముంచినవి అటువంటి ఒప్పందాలే. హార్వర్డ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు విజ్ఞాన శాస్త్రాలలో మహిళల సామర్థ్యం గురించి 2005లో చేసిన వ్యాఖ్యలు కూడా విచారణలో తప్పక ముందుకు వస్తాయి. కొత్త ప్రభుత్వం తొలి నెలలను ఈ వాదప్రతివాదాలకు ధారపోయడం నష్టం. ఆయనను సెనేట్ ఆమోదం అవసరం లేని సలహాదారు పదవిలో వైట్ హౌస్‌లోనే ఉంచుకోవచ్చు.

మీరు చెప్పిన 1991 ఉదాహరణ చాలా విలువైనదే, కానీ అది నా వాదనకే బలం చేకూరుస్తుంది. మన్మోహన్ సింగ్ గారు అంతకుముందే రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా, ఆర్థిక శాఖ కార్యదర్శిగా పనిచేశారు. ఆ యంత్రాంగంలో ఏ మీట నొక్కితే ఏ చక్రం తిరుగుతుందో ఆయనకు ముందే తెలుసు. ఆయన వెనుక పి.వి. గారు నిలబడ్డారు కనుకనే జూలైలో రూపాయి విలువ తగ్గించడం, ఆ నెల 24న కొత్త బడ్జెట్ ప్రవేశపెట్టడం సాధ్యమయ్యాయి. ఒబామా కూడా తన ఆర్థిక మంత్రి వెనుక అంత స్థిరంగా నిలబడగలరా అన్నదే నాకు ఆందోళన కలిగించే అంశం.

మున్నేరు, 2008 నవంబరు 15

మంత్రివర్గం అనగానే మనకు భారతదేశ పద్ధతి గుర్తుకు వస్తుంది. అక్కడ మంత్రి అయినవారు ఆరు నెలలలోగా చట్టసభ సభ్యులు కావాలి. ప్రధాని అయ్యేనాటికి పి.వి. గారు స్వయంగా ఏ సభలోనూ సభ్యులు కారు, ఆ నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. అమెరికాలో నియమం దీనికి పూర్తిగా విరుద్ధం. మంత్రి పదవి తీసుకున్న మరుక్షణం సెనేటర్ తన సీటు వదులుకోవాలి. అందుచేత ప్రతి సెనేటర్ పేరు వెనుకా ‘ఆ ఖాళీని ఎవరు నింపుతారు’ అన్న లెక్క ఉంటుంది. ఆ లెక్క చూడకుండా పేర్లు చర్చించడం వృథా.

ఈ రోజుకు సెనేట్‌లో డెమోక్రాట్ల పక్షాన ఇద్దరు స్వతంత్రులతో కలిపి 57 మంది ఉన్నారు. అలాస్కా ఫలితం తేలలేదు, మిన్నెసోటాలో తిరిగి లెక్కింపు జరగనుంది, జార్జియాలో డిసెంబరు 2న మళ్లీ పోలింగు. చర్చను సాగదీసి బిల్లును ఆపే ఎత్తుగడను ఛేదించాలంటే 60 ఓట్లు కావాలి. ఇంత సన్నని తేడా ఉన్నప్పుడు మసాచుసెట్స్ సెనేటర్ జాన్ కెర్రీకి విదేశాంగ శాఖ ఇస్తే ఏమవుతుంది? ఖాళీ అయిన సెనేట్ సీటులో గవర్నర్ తనకు నచ్చినవారిని కూర్చోబెట్టే అధికారాన్ని మసాచుసెట్స్ శాసనసభ 2004లో తొలగించింది, ప్రత్యేక ఎన్నిక జరిగే దాకా ఆ సీటు ఖాళీగానే ఉంటుంది. తొలి వంద రోజులలో ఒక ఓటు తగ్గిపోతుంది. హిల్లరీ క్లింటన్ విషయంలో ఆ బాధ లేదు. న్యూయార్క్ గవర్నర్ డేవిడ్ ప్యాటర్సన్ డెమోక్రాట్, ఆయన వెంటనే మరొకరిని నియమించగలరు.

అయితే హిల్లరీ నియామకానికి రాజ్యాంగంలోనే ఒక చిక్కు ఉంది. సెనేటర్‌గా ఎన్నికైన కాలంలో ఏ పదవి జీతం పెరిగిందో ఆ పదవిలో ఆ సెనేటర్‌ను ఆ కాలం ముగిసేవరకు నియమించరాదని మొదటి అధికరణంలోని ఆరవ విభాగం చెబుతోంది. ఆమె ప్రస్తుత పదవీకాలం 2007 జనవరిలో మొదలయింది. విదేశాంగ మంత్రి జీతం ఈ జనవరిలో 1,86,600 డాలర్ల నుంచి 1,91,300 డాలర్లకు పెరిగింది. 1973లో సెనేటర్ విలియం శాక్స్‌బీని నిక్సన్ అటార్నీ జనరల్‌గా ఎంపిక చేసినప్పుడు ఇదే సమస్య తలెత్తితే, కాంగ్రెస్ ఆ పదవి జీతాన్ని పాత స్థాయికి తగ్గిస్తూ చట్టం చేసింది. 1993లో లాయిడ్ బెంట్‌సన్ ఆర్థిక మంత్రి అయినప్పుడూ అదే మార్గం అనుసరించారు. ఇప్పుడూ ఆ దారి ఉంది.

విధానపరంగా చూస్తే, 2002లో ఇరాక్ యుద్ధానికి అనుమతిస్తూ ఓటు వేశారన్న కారణంతో హిల్లరీని తోసిపుచ్చేవారు సెనేటర్లు కెర్రీ, బైడెన్, చక్ హేగెల్ కూడా అదే ఓటు వేశారని గమనించాలి. నా అసలు సందేహం వేరు. లింకన్ తన ప్రత్యర్థులైన సీవర్డ్, చేజ్, బేట్స్‌లను మంత్రులుగా తీసుకున్న సంగతిని ఈ మధ్య అందరూ ఆదర్శంగా చెబుతున్నారు. సీవర్డ్ విశ్వాసపాత్రుడయ్యారన్నది నిజమే. కానీ చేజ్ ఆర్థిక మంత్రిగా ఉంటూనే 1864లో లింకన్ స్థానంలో తానే అభ్యర్థి కావాలని ప్రయత్నించారు, చివరికి ఆయన రాజీనామాను లింకన్ ఆమోదించవలసి వచ్చింది. హిల్లరీ సీవర్డ్ అవుతారని నేను ఆశిస్తున్నాను. పదవి ఇచ్చే ముందే రాయబారుల ఎంపిక ఎవరిది, అధ్యక్షుడిని నేరుగా కలిసే హక్కు ఎంత, మాజీ అధ్యక్షుడైన భర్త విదేశీ విరాళాల సంగతి ఏమిటి అన్నవి స్పష్టంగా రాతపూర్వకంగా తేల్చుకుంటే ఆమె సమర్థురాలైన మంత్రి కాగలరు.

గౌతమి, 2008 నవంబరు 15

పెద్ద శాఖల గురించి చాలా లోతుగా చర్చించారు. కానీ ఈ దేశంలో ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాల జీవితాలను ఎక్కువగా మలిచేవి హోంల్యాండ్ సెక్యూరిటీ, కార్మిక శాఖలు. గ్రీన్ కార్డు కోసం లేబర్ సర్టిఫికేషన్ (ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదన్న ధ్రువీకరణ) ఇచ్చేది కార్మిక శాఖ. దరఖాస్తు పరిశీలించేది హోంల్యాండ్ సెక్యూరిటీ పరిధిలోని ఇమిగ్రేషన్ విభాగం. ప్రయారిటీ డేట్లు, అంటే గ్రీన్ కార్డు వరుసలో ఏ తేదీ వారి వంతు వచ్చిందో, ప్రకటించేది విదేశాంగ శాఖ. వీటి మధ్య సమన్వయం లేకపోతే ఏమవుతుందో 2007 జూలైలో చూశాం. ఉద్యోగ విభాగాలు దాదాపు అన్నిటికీ డేట్లు తెరిచినట్టు ప్రకటించి, జూలై 2న ఆ ప్రకటనను ఉపసంహరించుకుని, వేలాది మంది ఆవేదన తర్వాత జూలై 17న మళ్లీ పునరుద్ధరించారు. ఆ రెండు వారాలలో వైద్య పరీక్షల కోసం, కాగితాల కోసం పరుగులు తీసిన ఇళ్లు ఎన్నో నాకు తెలుసు.

కాంగ్రెస్ చట్టం మార్చితే తప్ప గ్రీన్ కార్డులలో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి పోదు, నిజమే. అయినా మంత్రి చేతిలో ఉన్న అధికారం చిన్నది కాదు. విజ్ఞాన, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత విషయాలలో చదివిన విద్యార్థులు చదువు తర్వాత పనిచేసే గడువును 17 నెలలు పొడిగించింది ఈ ఏప్రిల్‌లో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ జారీ చేసిన నిబంధనే, దానికి కొత్త చట్టం అవసరం కాలేదు. హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీలో పేరు రాని ఎందరో తెలుగు విద్యార్థులు ఆ నిబంధన వల్లనే నేడు ఈ దేశంలో ఉద్యోగాలలో ఉన్నారు.

ఈ శాఖకు అరిజోనా గవర్నర్ జానెట్ నపోలిటానో పేరు వినిపిస్తోంది. సరిహద్దు రాష్ట్రాన్ని పాలించిన అనుభవం, అంతకుముందు అటార్నీ జనరల్‌గా చేసిన అనుభవం ఆమెకు ఉన్నాయి. ఉద్యోగులందరి అర్హతను ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిచూసుకోవాలని యజమానులను ఆదేశించే చట్టంపై ఆమె 2007లో సంతకం చేశారు. సక్రమంగా వచ్చినవారి దరఖాస్తులు త్వరగా తేల్చడంపై ఆమెకు అంతే శ్రద్ధ ఉందా అన్నది సెనేటర్లు అడగవలసిన ప్రశ్న. మున్నేరు గారి లెక్క ఇక్కడా వర్తిస్తుంది. అరిజోనాలో లెఫ్టినెంట్ గవర్నర్ పదవి లేదు, ఆమె వెళితే గవర్నర్ పదవి రాష్ట్ర కార్యదర్శి, రిపబ్లికన్ అయిన జాన్ బ్రూవర్‌కు దక్కుతుంది. ఆ మూల్యం అరిజోనాలోని వలస కుటుంబాలు చెల్లించవలసి రావచ్చు.

గత నెల హైదరాబాదు పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ప్రారంభమయింది, వీసా ఇంటర్వ్యూలు మాత్రం ఇంకా మొదలు కాలేదు. కొత్త విదేశాంగ మంత్రి ఎవరైనా, ఆ కార్యాలయానికి చాలినంత సిబ్బందిని త్వరగా ఇస్తే మన తల్లిదండ్రులకు చెన్నై ప్రయాణాలు తప్పుతాయి.

సువర్ణముఖి, 2008 నవంబరు 16

నాగావళి గారి వాదన నన్ను చాలావరకు ఒప్పించింది. వోల్కర్ గారిని సలహా మండలిలో ఉంచి, ఆర్థిక శాఖ గైట్నర్‌కు ఇవ్వడం మేలని ఇప్పుడు అనిపిస్తోంది. గౌతమి గారు చెప్పిన శాఖలను నేను ప్రశ్నలో చేర్చి ఉండవలసింది. గేట్స్ విషయం మాత్రం ఇంకా ఎవరూ స్పృశించలేదు.

పెన్నా, 2008 నవంబరు 16

గేట్స్‌ను కొనసాగించాలనే నా అభిప్రాయం, అయితే గడువు పెట్టి. ఇరాక్‌లో సుమారు లక్షన్నర మంది సైనికులు ఉన్నారు, వారిని 16 నెలలలో వెనక్కు రప్పిస్తానని ఒబామా మాట ఇచ్చారు, ఆఫ్ఘనిస్తాన్‌లో పరిస్థితి దిగజారుతోంది. ఇటువంటి సమయంలో రక్షణ శాఖ పగ్గాలు కొత్తవారికి అప్పగించి, సహాయ మంత్రుల ఆమోదం కోసం నెలల తరబడి ఎదురు చూడడం ప్రమాదకరం. పైగా గేట్స్ బాధ్యులను వదలని మనిషి. వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో క్షతగాత్రుల దుస్థితి బయటపడినప్పుడు 2007లో సైనిక కార్యదర్శిని పంపించివేశారు. అణ్వాయుధాల సంరక్షణలో లోపాలు తేలినప్పుడు ఈ జూన్‌లో వైమానిక దళ కార్యదర్శినీ, దళాధిపతినీ తొలగించారు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దానిని తేలికగా తీసుకోరాదు. క్లింటన్ రెండవ హయాంలో రక్షణ మంత్రి విలియం కోహెన్ రిపబ్లికనే, తర్వాతి ఎనిమిదేళ్లూ రిపబ్లికన్ ప్రభుత్వమే. బుష్ నియమించిన గేట్స్ కూడా కొనసాగితే, సైన్యాన్ని నడిపే సామర్థ్యం డెమోక్రాట్లకు లేదని ఆ పార్టీయే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే క్లింటన్ హయాంలో నౌకాదళ కార్యదర్శిగా పనిచేసి, ఈ ఎన్నికలలో ఒబామాకు సలహాదారుగా నిలిచిన రిచర్డ్ డాన్జిగ్‌ను ఉపమంత్రిగా నియమించి, ఇరాక్ ఉపసంహరణ ఒక దారికి వచ్చాక ఆయనకే శాఖ అప్పగించే ఏర్పాటు ఇప్పుడే చేసుకోవాలి. ఉపసంహరణ ప్రణాళికకు తాను కట్టుబడి ఉంటానని గేట్స్ ముందుగా బహిరంగంగా ప్రకటించాలి. అందుకు ఆయన సమ్మతించకపోతే డాన్జిగ్ పేరునే నేరుగా సెనేట్‌కు పంపడం మేలు.