పదిహేను మంది పిల్లలున్న బడిని ఉంచాలా, పక్క ఊరి బడిలో కలపాలా?

పలమనేరు తండ్రి:
మా పల్లె ప్రాథమిక పాఠశాలలో అయిదు తరగతులకూ కలిపి పదిహేను మందే పిల్లలు. టీచరు ఒక్కరే. నాలుగో తరగతికి వచ్చిన మా వాడు రెండో తరగతి వాచకాన్ని కూడబలుక్కుంటున్నాడు. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తేనే మేలనిపిస్తోంది. మీరేమంటారు?

చిత్తూరు వాసి:
కలపాల్సిందే. అక్కడ తరగతికో టీచరు ఉంటారు. పట్టుమని నలుగురు లేని తరగతిలో పిల్లవాడు ఎవరిని చూసి నేర్చుకుంటాడు?

పుత్తూరు ఉపాధ్యాయిని:
పిల్లలు తగ్గబట్టే చదువు తగ్గిందంటున్నారు. నేను పనిచేసిన ఊళ్లో జరిగింది వేరు. రెండో టీచరు బదిలీ అయ్యాక ఆ స్థానం ఖాళీగానే ఉండిపోయింది. ఆ తర్వాతే ప్రైవేటు బడి వ్యాను ఊళ్లోకి రావడం మొదలైంది. నల్లబల్ల మధ్యలో సుద్దగీత గీసి, ఎడమవైపు ఒకటో తరగతికి గుణింతాలు, కుడివైపు నాలుగో తరగతికి భాగహారాలు వేసేదాన్ని. శేషం ఎలా మిగిలిందో పెద్దవాళ్లకు చెప్పేలోగా చిన్నవాళ్లు పలకలు పక్కన పడేసి వరండాలోకి చేరేవారు. ఈలోగా హాజరు ఫోనులో ఎక్కించాలి, భోజనం ఫొటోలు పంపాలి. ఇలాంటి బడిలో మార్కులు రాలేదని పిల్లల సంఖ్యను తప్పుపట్టడం అన్యాయం.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి. ముందు అది అమలు చేయమనండి.

పలమనేరు తండ్రి:
నిజమే మేడమ్. కానీ పదిహేను మందికి ఇద్దరిని ఇస్తారా? పైగా బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటు బడిలో చేర్పించినా వస్తోంది. ఇక జనం ఇటెందుకు చూస్తారు?

పుత్తూరు ఉపాధ్యాయిని:
చదువు వస్తుందంటే చూస్తారు. 2022లో 117 జీవో కింద చాలాచోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు పంపించారు. ఒకే ఇంట్లో అన్న ఒక బడికి, చెల్లెలు ఇంకో బడికి. పొద్దున్నే మామిడి తోటలకో, పాల కేంద్రానికో వెళ్లే తల్లి ఇద్దరినీ ఎలా దిగబెడుతుంది? చివరికి 2025లో ఆ జీవోను రద్దు చేశారు. కలిపితే అంతా చక్కబడుతుందని మళ్లీ అనుకోవద్దు.

మీ పాఠశాల యాజమాన్య కమిటీలో ఎక్కువ మంది తల్లిదండ్రులే ఉంటారు. రెండో టీచరు కావాలని తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి మండల విద్యాధికారికి ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోవడం మరచిపోకండి.