లాక్‌డౌన్‌లో మీ ఇల్లు మీకు ఎలా ఉండేది? ముందు నుంచీ జబ్బుతో ఉన్నవాళ్ళు చెప్పండి

కాలువగట్టు (ప్రశ్న అడిగినవారు):

మొన్న ఒక పెళ్ళిలో ఆడపడుచు వరసయ్యే ఆవిడ నాతో అంది, "లాక్‌డౌన్‌లో మాకు పిచ్చెక్కిపోయింది వదినా, నీకేముందిలే, ఎలాగూ ఇంట్లోనేగా ఉంటావు" అని. అక్కడ నవ్వి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక ఒళ్ళు మండిపోయింది. అందుకే అడుగుతున్నాను, నా ఒక్కదానికేనా ఇలా అని.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, పెద్దబ్బాయి పుట్టినప్పటి నుంచీ ఉంది. పాలకొల్లు దగ్గర పల్లెటూరు, పాత పెంకుటిల్లు. పొద్దున్న లేచాక గంట, గంటన్నర వేళ్ళు ముడవలేను. పిల్లల్ని బడికి, మావారిని బట్టల షాపుకి పంపేదాకా ఎలాగో పళ్ళబిగువున లాక్కొచ్చి, పదకొండింటికి గది తలుపు దగ్గరగా వేసి, కాసేపు వేడినీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని, తర్వాత ఫ్యాను కింద నడుం వాల్చేదాన్ని. పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఇల్లంతా నాదే. ఆ కాసేపు పడుకోబట్టే సాయంత్రం వంట చేయగలిగేదాన్ని. ఈ సంగతి అత్తయ్యగారికి తప్ప ఎవరికీ తెలీదు, ఆవిడ కూడా చూసీ చూడనట్టు ఉండేవారు.

జనతా కర్ఫ్యూకి ముందే హైదరాబాద్ నుంచి మరిదీ తోటికోడలూ బాబుతో దిగారు. 2020 మార్చి 25 నుంచి షాపు మూత, బడి మూత. సిగ్నల్ నా గదిలోనే బాగా వస్తుందని మరిది లాప్‌టాప్ అక్కడే పెట్టుకున్నాడు, పాపం అతని తప్పేం లేదు, ఉద్యోగం. కానీ నేను పడుకోవడానికి చోటు పోయింది. వసారాలో మడతమంచం వేసుకుని వాలితే చాలు, "ఏంటి వదినా, జ్వరమా?" అంటూ థర్మామీటర్ పట్టుకొచ్చేవారు. ఇది నాకు రోజూ ఉండే నీరసమేనని ఎన్నిసార్లు చెప్పను? చెప్పలేక పడుకోవడమే మానేశాను. పూటకి మూడుసార్లు కాఫీలు, టిఫిన్లు, అంట్లు. మే నెలకొచ్చేసరికి మోకాళ్ళు వాచిపోయి, గడప దాటాలంటే ద్వారబంధం పట్టుకోవాల్సి వచ్చింది. గరిటె పట్టు జారుతుంటే కాడకి పాత పంచె గుడ్డ చుట్టుకుని తిప్పేదాన్ని.

మందుల గోల వేరే. నేను వాడేది హైడ్రాక్సీ క్లోరోక్విన్. మార్చి 23న ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) కరోనా రాకుండా దాన్ని వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా వాడొచ్చు అంది, అంతే, జబ్బు లేనివాళ్ళు కూడా స్ట్రిప్పులకి స్ట్రిప్పులు కొని బీరువాల్లో దాచుకున్నారు. మూడు రోజులకి దాన్ని షెడ్యూల్ హెచ్1లో పెట్టి చీటీ తప్పనిసరి చేశారు గానీ, అప్పటికే మా టౌన్లో సరుకు ఖాళీ. మావారు నా పాత చీటీ పట్టుకుని వెళ్తే మందుల షాపతను "ఇది కరోనా మందు కదండీ, కీళ్ళనొప్పులకి ఎందుకు" అన్నాడట.

మీకెలా ఉండేది? ఇల్లు మిమ్మల్ని కాపాడిందా, ఇంకా ఇరుకైపోయిందా? దాచకుండా చెప్పండి.

లంకబాబు:

అక్కా, అసలు మాకు లాక్‌డౌన్ ఎక్కడిదండీ. నాది డయాలసిస్. వారానికి మూడుసార్లు, మనిషి మిషన్ మీద నాలుగు గంటలు. ప్రధానమంత్రి గారు ఇంట్లో ఉండమన్నా, దేవుడే దిగొచ్చి చెప్పినా, అమలాపురం వెళ్ళకపోతే వారం తిరక్కుండా ఊపిరి ఆడదు.

మాది పి.గన్నవరం వైపు, గోదావరి పాయల మధ్య లంక. బస్సుల్లేవు, ఆటో కుర్రాడికి భయం, కాబట్టి తమ్ముడి బండి మీద. చెక్‌పోస్టులో ఫైలు చూపించాలి, చీటీ చాలకపోతే చెయ్యి చూపించేవాణ్ణి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి పెట్టిన రక్తనాళం, ఫిస్టులా, ఉబ్బి ఉంటుంది కదా, ముంజేతి మీద తాడు చుట్టినట్టు, మీద చెయ్యి పెడితే రక్తం జుయ్యిమని తెలుస్తుంది. ఒక కానిస్టేబుల్ గారు అది చూసి "వెళ్ళండి బాబూ" అని, మళ్ళీ ఎప్పుడూ ఆపలేదు.

అసలు కష్టం తిరిగొచ్చాక. ఊళ్ళో రోజు విడిచి రోజు ఆసుపత్రికి పోయొచ్చేది నేనొక్కణ్ణే. వీధి మొదట్లో వెదురు కర్రలు కట్టేసి, నా బండి వస్తే మాత్రం తీసి, పోయాక కట్టేవాళ్ళు. పెరట్లో బోరు దగ్గర స్నానం చేసి, బట్టలు బకెట్లో సర్ఫు నీళ్ళలో పడేసి, పక్కన పశువుల పాకలో వేసిన మంచం మీదకి వెళ్ళాలి. భోజనం మా ఆవిడ అరిటాకులో పెట్టి గట్టు మీద ఉంచేది. మా చిన్నది దూరం నుంచి చెయ్యి ఊపేది. అంటే ఇంటికొచ్చినట్టే, కానీ ఇంట్లోకి కాదు. వాళ్ళ జాగ్రత్త నా కోసమే, ఎందుకంటే మాలాంటివాళ్ళకి వస్తే కోలుకోవడం కష్టమని డాక్టరు ముందే చెప్పారు. అది తెలిసినా రాత్రుళ్ళు కోపం వచ్చేది, ఏం చేస్తాం.

ఇంకో సంగతి, ఇది కోనసీమోళ్ళకే అర్థమవుతుంది. కొబ్బరికాయ కొనేవాడు రాక దింపు కాయంతా పెరట్లో రాశి పడి ఉంది. ఎండలు చూస్తే రోహిణి కార్తె. ఇంటిల్లిపాదీ బొండాలు కొట్టుకు తాగుతున్నారు, మామిడిపళ్ళు తింటున్నారు. నాకు బొండాం ముట్టకూడదు, అందులో పొటాషియం ఎక్కువ, మా కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, గుండె ఆగిపోతుంది. నీళ్ళు కూడా కొలత. ఐసు ముక్క ఒకటి నాలిక మీద పెట్టుకుని, కరిగేదాకా వాళ్ళు తాగడం చూస్తూ కూర్చునేవాణ్ణి. అంతకుముందు అందరూ పనులకి పోయేవాళ్ళు కాబట్టి ఇంత మంది తాగడం ఒక్కసారి కళ్ళబడేది కాదు.

ఆగస్టులో వరద. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక పెట్టారు, కాజ్‌వే మునిగింది. నాటుపడవలో మాస్కుతో, ఫైలు పాలిథిన్ కవర్లో చుట్టుకుని వెళ్ళేవాణ్ణి, తమ్ముడు బండి అవతలి ఒడ్డున ముందే పెట్టేవాడు. కరోనా ఏమో గానీ పడవలో మాత్రం అందరం ఆనుకునే కూర్చున్నాం.

నెలకి పదివేల పింఛను మాత్రం వలంటీరు గుమ్మం దగ్గరికే తెచ్చి ఇచ్చేవాడు, ఆ మాట కూడా చెప్పాలి. పెట్రోలుకి అదే.

వంగనినడుము:

నాది వేరే మాట, తిట్టుకోకండి. నాకు లాక్‌డౌన్ బావుంది.

ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్, వెన్ను గట్టిపడే జబ్బు. భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో లెక్కలు చూస్తాను. అంతకుముందు డాక్టర్ని కలవాలంటే బస్సులో విజయవాడ, ఆ కూర్చోవడమే నా నడుముకి శిక్ష, అక్కడ సాయంత్రం దాకా బెంచీ, డాక్టరు గారు చూసేది ఐదు నిమిషాలు. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ నిబంధనలు వచ్చాయి, ఆ తర్వాత మా డాక్టరు గారు వీడియోలో చూసి వాట్సాప్‌లో చీటీ పంపడం మొదలెట్టారు. ఆఫీసు పని ఇంటి నుంచే. నొప్పి వస్తే నేల మీద పడుకుని ఛాతీ మీద కీబోర్డు పెట్టుకుని ఎంట్రీలు కొట్టాను, ఒక్క తప్పు పోలేదు. పెళ్ళిళ్ళు యూట్యూబ్ లైవ్‌లో. ఎన్నో ఏళ్ళ తర్వాత బంధువుల ఫంక్షన్లన్నీ చూశాను, వంగి ఎవరి కాళ్ళకీ దణ్ణం పెట్టక్కర్లేదు.

నేను అంతకుముందు ఇదే అడిగితే "కుదరదు, సిస్టం ఒప్పుకోదు" అన్నారు. మామూలోళ్ళకి అవసరం పడగానే వారంలో కుదిరింది. తీరా వాళ్ళకి అవసరం తీరాక మళ్ళీ కుదరదట, రోజూ తొమ్మిదింటికి సీట్లో ఉండాలట. డాక్టరు గారు కూడా "ఓసారి రండి, చూసి చాలా రోజులైంది" అంటున్నారు. నాకు లాక్‌డౌన్ కన్నా అది ఎత్తేసిన రోజే ఎక్కువ బాధ.

శాంతిమార్గం:

అంతా మనసులోనే ఉంటుందండి. ఆ ఖాళీ సమయంలో ప్రాణాయామం, పసుపు పాలు, మిరియాలు శొంఠి కషాయం అలవాటు చేసుకుని ఉంటే ఇన్ని మందులతో పని ఉండేది కాదు. పాజిటివ్‌గా ఆలోచించండి.

ఏడుగురికొకటి:

శాంతిమార్గం గారూ, ఆ కషాయం నేను తాగానండి. ఫలితం మా బాత్రూంకి తెలుసు.

నాకు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగులో పుళ్ళు, ఎక్కువైతే రోజుకి పది పన్నెండుసార్లు వెళ్ళాలి, రక్తం పడుతుంది. బెంగళూరులో ఉద్యోగం, ఒక్కదాన్నే చిన్న గది, అటాచ్డ్ బాత్రూం. ఇంట్లో అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు, పెళ్ళి కావాల్సిన పిల్లని కదా, ఆ మాట అమ్మదే. మార్చి మూడో వారంలో హాస్టళ్ళు ఖాళీ చేయమంటే రాజోలు దగ్గర మా ఊరొచ్చి పడ్డాను. అక్కడ ఏడుగురికి ఒకటే బాత్రూం, పెరటి చివర, రేకు తలుపు, గొళ్ళెం పడితే వీధిలోకి వినపడుతుంది. ఆఫీసు మీటింగులో కెమెరా ఆపి పరిగెత్తేదాన్ని. తాతగారు అరుగు మీద నుంచి "అమ్మాయి ఎన్నోసారే?" అని లెక్కపెట్టేవారు, ప్రేమే, కానీ చచ్చిపోవాలనిపించేది.

అందరికీ నా కడుపు సంగతి ఆ నెలలోనే తెలిసిపోయింది. మజ్జిగ తాగమని పిన్ని, వేడి చేసిందని మామ్మ, దిష్టని అత్త. ఇటు నేను వాడే అజాథయోప్రిన్ ఇమ్యూనిటీని తగ్గిస్తుంది, కాబట్టి కరోనా భయం నాకే ఎక్కువ, కానీ బాబాయి మాస్కు గడ్డం కింద పెట్టుకుని రొయ్యల చెరువు నుంచి వచ్చి నేరుగా వంటింట్లోకి దూరేవాడు. చెప్తే "మన ఇంట్లో మనకేంటమ్మా" అనేవాడు. ఆ ఏడాది ఈ మాట ఎన్ని ఇళ్ళలో విన్నారో. మన ఇంట్లోవాళ్ళంటే అందరికీ ధైర్యం, నాకు వాళ్ళే టెన్షన్.

గోస్తనీఒడ్డు:

మా నాన్నగారి గురించి చెప్తాను, ఆయన ఇలాంటివి రాయరు. రైస్ మిల్లులో పనిచేసి సీఓపీడీ, ఊపిరి అందని ఊపిరితిత్తుల జబ్బు, తెచ్చుకున్నారు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను, ఉంది, రోజులో కనీసం పదిహేను గంటలు పెట్టుకోవాలన్నారు. తణుకులో మా ఇంట్లో ఆ మిషను ఆపకుండా గుర్రుమంటూనే ఉంటుంది, కరెంటు పోయి చప్పుడు ఆగితే అందరం నిద్రలోంచి లేచిపోతాం, సిలిండరు తిప్పడానికి.

2020లో బెడద బ్లీచింగు, హైపోక్లోరైట్. ట్రాక్టరుతో వీధి వీధీ కొట్టేవాళ్ళు, ఆ ఘాటుకి ఆయనకి దగ్గు తెర ఆగేది కాదు. కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే ఆ వాసన. అదయ్యాక దాళ్వా (రెండో పంట) కోతలు, మిషన్ల దుమ్ము, తర్వాత గడ్డి తగలబెట్టిన పొగ. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటూ పోయేవాళ్ళందర్నీ పలకరించే మనిషి లోపలి గదికి పరిమితమైపోయారు.

2021 మే ఇంకా ఘోరం. కర్ఫ్యూ, మధ్యాహ్నం పన్నెండు దాటితే రోడ్డు మీద పిట్ట లేదు. మా ఇంట్లో మిషన్ ఉందని ఊరంతా తెలుసు. రాత్రీ పగలూ ఫోన్లు, "ఒక్క పూట ఇవ్వండి, మా అమ్మకి ఆక్సిజన్ ఎనభై ఐదుకి పడిపోయింది" అని. కావలసినవాళ్ళే. ఇస్తే నాన్నగారికి కష్టం, ఇవ్వకపోతే మనుషులం కాదు. సిలిండరు ఒకటి ఉంచుకుని ఇంకోటి ఇచ్చాను, మిషన్ ఇవ్వలేదు. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. నాన్నగారు మాత్రం ఆ నెలంతా మిషన్ మీద దుప్పటి కప్పించి, చప్పుడు బయటికి వినపడకూడదన్నారు. వేడెక్కిపోతుందని నేను తీసేసేవాణ్ణి.

ఎర్రసంచి:

నేను ఏఎన్ఎంని, ఊళ్ళో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తని, ఆ రోజుల్లో ఇంటింటి సర్వే చేశాం. జ్వరం, దగ్గు, ఫారిన్ నుంచి ఎవరైనా వచ్చారా, ఇవే అడగమన్నారు, అవే అడిగాం. "మీ బీపీ మాత్ర ఉందా, ఫిట్స్ మాత్ర ఉందా" అనే ప్రశ్న ఆ కాగితంలో లేదు. నేను అడగడం మొదలెట్టాక తెలిసింది, సగం మాత్ర మింగి సగం దాచుకునేవాళ్ళు ఎంతమందో. ఫిట్స్ మాత్ర అలా చేస్తే ప్రమాదమమ్మా, ఎవరికైనా ఇప్పుడూ ఆ అలవాటు ఉంటే మానండి.

కాలువగట్టు:

అందరికీ దణ్ణాలు. గోస్తనీఒడ్డు గారూ, మీరు చేసిందే సరైనది, ఎవరేమన్నా. లంకబాబూ, నువ్వు ఫిస్టులా చేత్తో బరువులెత్తకు తమ్ముడూ, వరదలప్పుడు సామాన్లు మోస్తావేమో అని. వంగనినడుము గారూ, మీ మాట మీద నాకు కోపం లేదు, కుళ్ళు మాత్రం ఉంది, మీకు ఇంట్లో వంట లేదు చూశారా.

మా ఇంట్లో ఒక మార్పు వచ్చింది. మరిది వాళ్ళు వెళ్ళేటప్పుడు తోటికోడలు మావారితో, నా ఎదురుగానే, "బావగారూ, అక్క మధ్యాహ్నం పడుకోవాలి, పడుకోనివ్వండి" అని చెప్పి వెళ్ళింది. అన్ని నెలలూ ఆ పిల్ల గమనించిందని నాకు తెలీదు. ఇప్పుడు తలుపు వేసుకోకుండానే పడుకుంటున్నాను. ఆయన అప్పుడప్పుడు అన్నం వండుతున్నారు, మెత్తగా ముద్దైపోతుంది, తింటున్నాం.

ఏడుగురికొకటి, అమ్మాయ్, మీ ఇంట్లో రెండో బాత్రూం కట్టించారా లేదా?

ఏడుగురికొకటి:

కట్టించారు అక్కా. నేను జీతంలోంచి సగం పెడతానంటే నాన్న ఒప్పుకోలేదు, ధాన్యం డబ్బులు రాగానే మొదలెట్టారు. పడమటి గది పక్కనే, వెస్ట్రన్ కమోడ్. నాకోసమని కట్టారు గానీ నేను ఇప్పుడు బెంగళూరులో ఉన్నాను, మామ్మ దాన్ని స్వాధీనం చేసుకుంది. మోకాళ్ళ నొప్పులావిడకి. పండక్కి వెళ్తే తలుపు కొట్టి అడగాల్సొస్తోంది.