లింగంపల్లి స్టేషన్ ముందు వలస కూలీల స్తూపం: కావాలా, వద్దా?

రామచంద్రాపురం వాసి
2020 మే 1న తెల్లవారకముందే లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలను ఊళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. 24 పెట్టెలు, సుమారు 1,200 మంది. అంతకు రెండు రోజుల ముందే సంగారెడ్డి దగ్గర కందిలో నిర్మాణ కూలీలు జీతాలు ఇవ్వమని, ఊళ్లకు పంపమని రోడ్డెక్కారు. ఆ రైలు ఎవరో దయతలిస్తే వచ్చింది కాదని నా నమ్మకం. అమెరికాలో, కొలరాడోలోని లడ్లోలో వలస గని కార్మికుల సమ్మెకు స్తూపం ఉంది. మన స్టేషన్ ముందు ఒకటి ఎందుకు ఉండకూడదు?

అడ్డా పక్కింటాయన
మా వీధి మలుపులో పొద్దున ఆరున్నరకే కూలీలు నిలబడతారు. మేస్త్రీల సంచుల్లోంచి తాపీ, రసమట్టం బయటికి కనిపిస్తుంటాయి. ఆడవాళ్ల చేతుల్లో సద్దిగిన్నెలు. తొమ్మిది దాటినా ఎవరూ పిలవనివాళ్లు మూసి ఉన్న బట్టల దుకాణం మెట్ల మీద కూర్చుంటారు. దుకాణం తెరిచే కుర్రవాడు వచ్చి, లేవమని అనడు. మెట్ల మీద బకెట్టెడు నీళ్లు పోస్తాడు, అంతే. ఆ మలుపులో నీడ లేదు, మరుగుదొడ్డి లేదు. స్తూపానికి పెట్టే డబ్బుతో ముందు అక్కడ రేకుల షెడ్డు వేయించండి.

గోదావరిఖని
లడ్లో పేరెత్తారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ 1913 సెప్టెంబరులో సమ్మె మొదలైంది. గ్రీకులు, ఇటాలియన్లు, మెక్సికన్లు, ఒకరి భాష ఒకరికి రాదు. వాళ్ల కోరికల్లో ఒకటి, కూలి లెక్కకట్టే బొగ్గు తూకం దగ్గర తాము ఎన్నుకున్న మనిషి ఉండాలని. మా నాన్నగారు సింగరేణిలో కోల్ ఫిల్లర్, అంటే గనిలో టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే కార్మికుడు. టబ్బుల లెక్క తప్పిన రోజు ఆయనకు అన్నం సహించేది కాదు. అందుకే ఆ కోరిక ఎంత పెద్దదో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

కంపెనీ ఇళ్లు ఖాళీ చేయిస్తే గుడారాల్లో ఉన్నారు. 1914 ఏప్రిల్ 20న రాష్ట్ర సైనిక దళం (నేషనల్ గార్డ్) కాల్పులు జరిపింది, గుడారాలు తగలబడ్డాయి. ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో దాక్కున్న ఇద్దరు స్త్రీలు, 11 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఆ డిసెంబరుకు సమ్మె ఓడిపోయింది. అయినా 1918లో స్తూపం లేచింది. దాన్ని కట్టింది ప్రభుత్వం కాదు, గని కార్మికుల సంఘం. ఆ గొయ్యి ఇప్పటికీ ఉంది, ఇనుప తలుపు ఎత్తి లోపలికి దిగవచ్చు. నన్నడిగితే స్తూపం కన్నా ఆ తలుపే ఎక్కువ చెబుతుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు
పద్నాలుగు నెలల సమ్మె ఎక్కడ, కందిలో ఒకపూట ఆగ్రహం ఎక్కడ? ఆ రోజు పోలీసుల మీద రాళ్లు కూడా పడ్డాయి. పైగా విగ్రహాలతో మన అనుభవం తెలిసిందే. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు కొన్ని హుస్సేన్‌సాగర్‌లో పడ్డాయి. స్తూపం కడితే మే డే నాడు నాయకులు వచ్చి దండ వేస్తారు, మర్నాటి నుంచి దాని చుట్టూ పార్కింగ్.

గోదావరిఖని
లడ్లోలోనూ 2003లో ఎవరో స్తూపం దగ్గరి స్త్రీ, పురుషుల శిల్పాల తలలు కోసేశారు మాస్టారూ. 2005లో మళ్లీ నిలబెట్టుకున్నారు. కట్టినవాళ్లు తమది అనుకున్నారు కాబట్టే. దండలు, పార్కింగ్ గురించి మాత్రం మీతో వాదించను.

రామచంద్రాపురం వాసి
సమ్మె అన్న మాట అతికినట్టు లేదంటే వదిలేస్తాను. కానీ ‘ఒకపూట ఆగ్రహం’ అనకండి. ఊరు కాని ఊరు, చేతిలో డబ్బు లేదు, వెళ్లడానికి బండి లేదు. ఇంకో సంగతి. 1990లో హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని తరలిస్తుండగా పడవ ఒరిగి మనుషులు చనిపోయారు. 1992లో విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టారు. అక్కడ ఫొటోలు దిగేవాళ్లలో ఎంతమందికి ఆ చావుల సంగతి తెలుసు? షెడ్డు వేస్తే మంచిదే, నేనూ చందా ఇస్తాను. అది వేశాం కాబట్టి ఇది అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను.

అడ్డా పక్కింటాయన
ఈ పొద్దున జార్ఖండ్ మేస్త్రీ ఒకాయన కనిపిస్తే ఈ చర్చంతా చెప్పాను. లింగంపల్లిలో మీ అందరి కోసం స్తూపం కట్టాలంటున్నారు, మీరేమంటారు అని అడిగాను. టీ గ్లాసు కింద పెట్టి, చాలాసేపు ఆలోచించాడు. ‘పని ఎప్పుడు మొదలవుతుంది? రోజుకూలీయా, గుత్తా?’ అన్నాడు.