లాంతరు చేపే, కానీ డయాఫస్సా, బెంథొసీమానా?

మొన్న ఆదివారం ఉదయం ఐదున్నరకి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో, రొయ్యల బోటు దింపిన చెత్త చేపల కుప్పలో నాలుగు చిన్న చేపలు దొరికాయి. పెద్దది 4.8 సెంటీమీటర్లు. నల్లగా, తల మొద్దుగా, కన్ను మాత్రం మొహానికి మించి ఉంది. రొయ్యలు ఏరుతున్న ఆవిడని అడిగితే "దీనికి పేరేటి బాబూ, కోళ్ల దాణాకి పోయేదే" అంది.

గూగుల్ లెన్స్ రెండుసార్లూ కవళ్ల పిల్ల అనే చూపించింది. కాదు. వీపు రెక్కకీ తోకకీ మధ్య చిన్న కొవ్వు రెక్క ఉంది, కవళ్లకి అది ఉండదు. పైగా పొట్ట వెంట కాంతి చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. మిక్టోఫిడే, అంటే లాంతరు చేపల కుటుంబమేనని నా నమ్మకం.

అక్కడితో ఆగిపోయాను. ఆ కుటుంబంలో డయాఫస్, బెంథొసీమా అనే రెండు ప్రజాతుల్లో ఇది ఏదో తేలలేదు. వలలో రాసుకుని పొలుసులు దాదాపు ఊడిపోయాయి, వాటితో కొన్ని చుక్కలూ పోయాయి. పది రెట్ల భూతద్దంతో ఒకే చేపకి ఆసన రెక్క పైన చుక్కలు లెక్కపెడితే ఓసారి 9, ఓసారి 11, ఇంకోసారి 10. తోక మొదట్లో మెరిసే గ్రంథి కనబడలేదు. బెంథొసీమాలో మగదానికి పైన, ఆడదానికి కింద ఉంటుంది, డయాఫస్‌కి ఉండదు. కానీ ఇక్కడ అసలు లేదో, ఊడిందో, పిల్ల కాబట్టి ఇంకా రాలేదో తేలడం లేదు. మూడింటిని 10 శాతం ఫార్మలిన్‌లో వేశాను. నాలుగోది ఫ్రీజర్‌లో, ఐస్‌క్రీం డబ్బా వెనక (ఇంట్లో చెప్పలేదు).

పొలుసులు పోయిన చేపలో ఈ రెండు ప్రజాతులను వేరు చేయడానికి తల మీద నమ్మదగ్గ గుర్తు ఏది?